నూరో లవణం

కువాంగ్ ప్రొఫెసరు నూరో లవణం ఇంకా సీసాలో ఉండగానే దాని బ్యానర్ అచ్చయి వచ్చేసింది. ఎర్ర గుడ్డ, పసుపు అక్షరాలు, ఎనిమిది మీటర్ల పొడవు. "నూరవ అమీన్ లవణపు స్ఫటిక నిర్మాణాన్ని సాధించిన రసాయన విభాగానికి హార్దిక అభినందనలు." మే ఎనిమిదిన పైనుంచి పరిశీలన బృందం వస్తోంది కాబట్టి ఆ రోజుకి లవణం సిద్ధంగా ఉండాలని ప్రొఫెసరు హుకుం. దక్షిణ చైనాలో, గాన్ నది ఒడ్డున వసంతకాలమంటే గోడలక్కూడా చెమటలు పడతాయి. యూనివర్సిటీ మొత్తం మీద పొడిగా ఉండేది ఎక్స్‌రే గది ఒక్కటే. అందుకని బ్యానర్‌ని అక్కడ దాచమని పంపించాడు.

"తేదీ బ్యానర్‌కి ఒక్కదానికే చెప్పారా, స్ఫటికానికి కూడా చెప్పారా?" అంది తావో సుమే, ఆ మూటని కాలితో యంత్రం వెనక్కి తోస్తూ.

మూట మోసుకొచ్చిన హే కైమిన్ పళ్లికిలించాడు. వీడు ఒకప్పుడు ప్రొఫెసరు శిష్యుడు, ఇప్పుడు అదే విభాగంలో లెక్చరరు. ఆయన టీ గ్లాసు పట్టుకుని వెనకాల నడవడమే ఉద్యోగమనుకుంటాడు.

"బాస్ అవుతుందన్నారంటే అవుతుంది టీచర్."

"అవునులే. మీ బాస్ అంటే హైడ్రోజన్ కూడా లేచి నిలబడుతుంది."

వాడికి అది పొగడ్తలా వినబడింది. సంతోషంగా తలూపి వెళ్లిపోయాడు.

సుమేకి యాభై మూడేళ్లు. ఇరవై నాలుగేళ్లుగా ఆ గదే ఆమె లోకం. టెక్నికల్ స్కూలు చదువు, పట్టా లేదు, ఆపరేటర్ ఉద్యోగం. అయినా పిల్లలంతా ఆమెని టీచర్ అనే పిలుస్తారు, యూనివర్సిటీలో చీపురు పట్టనివాళ్లందరినీ అలాగే పిలుస్తారు కాబట్టి. సీసాలో మొలిచిన స్ఫటికాల్లోంచి పనికొచ్చేదాన్ని మైక్రోస్కోపు కింద ఏరడం, బ్లేడుతో అంచులు కొయ్యడం, వెంట్రుకంత గాజు పుల్ల కొసన అంటించి యంత్రంలో నిలబెట్టడం, ఆ పనిలో ఆమెకి సాటి వచ్చేవాళ్లు చుట్టుపక్కల నాలుగు యూనివర్సిటీల్లో లేరు. ఈ సంగతి ఆమెకి తెలుసు. మిగతావాళ్లకి ఆ పని చేతకాదన్న సంగతి ఇంకా బాగా తెలుసు. ఎవరితో మాట్లాడినా ఆ రెండో సంగతే ఆమె మొహంలో కనబడుతుంది.

అందరికంటే ఎక్కువ ఏవగింపు కువాంగ్ దెహువాయ్ మీద. ఆయన చేసే పరిశోధన వంటింట్లో కూడా చేసుకోవచ్చు. ఒక ఆమ్లం, ఒక అమీన్, కాస్త ఆల్కహాలు కలిపి వేడి చేసి, సీసా మూతికి చిల్లుల కాగితం కట్టి కిటికీలో పెట్టడం. రెండు వారాలకి స్ఫటికం వస్తే సుమే దగ్గరికి పంపడం. ఆమె కొలిచి ఇస్తే పేపరు రాయడం. రాయడం అన్నది కూడా పెద్ద మాటే. మొదటి లవణానికి రాసిన పేపరునే తొంభై ఎనిమిది సార్లు పేర్లు మార్చి పంపించారు. "హైడ్రోజన్ బంధాలు అణువులను అంతులేని గొలుసుగా కలుపుతున్నవి" అన్న వాక్యం తొంభై తొమ్మిదింటిలోనూ ఉంది. వాటిలో కొన్నింటిలో అసలు గొలుసే లేదు. ఒకదాంట్లో అయితే పాత అమీన్ పేరు మార్చడం కూడా మర్చిపోయారు, అయినా అచ్చయింది. ఎమ్మెస్సీ విద్యార్థికి ఒక్కొక్కరికి ఒక్కొక్క లవణం. ఇంగ్లీషులో ఒక్క పేపరు అచ్చుకి అంగీకారం పొందితే తప్ప పట్టా ఇవ్వరు. పట్టాల కోసం వాళ్లు లవణాలు తెచ్చేవారు, లెక్క కోసం ఈయన పుచ్చుకునేవాడు.

లవణమంటే ఇంతే కదా: ఆమ్లం తన హైడ్రోజన్‌ని అమీన్‌కి ఇచ్చేస్తుంది. ఇచ్చేసి, ఆ హైడ్రోజన్ మీదుగానే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకుని ఊరికే పట్టుకుంటే అది లవణం కాదు, పక్కపక్కన నిలబడిన రెండు పదార్థాలు. హైడ్రోజన్ ఎవరి దగ్గరుందో చూడటమే అసలు పని. చూడటం మాత్రం కష్టం. ఎక్స్‌రేకి కనబడేది ఎలక్ట్రాన్లు. హైడ్రోజన్‌కి ఉన్నదే ఒకటి, దాన్ని కూడా పక్కవాడు సగం లాక్కుంటాడు. అందుకని కువాంగ్ మనుషులు చూడటం మానేశారు. కంప్యూటర్లో ఒక మీట నొక్కితే అమీన్‌లోని నైట్రోజన్ మీద, ఆమ్లం ఇచ్చినదాంతో కలిపి, మూడు హైడ్రోజన్లు వచ్చి కూర్చుంటాయి. పేరు లవణం కాబట్టి అక్కడే ఉండాలి, ఉన్నాయి, అయిపోయింది.

ఎనభై దాకా నిజంగానే అవి లవణాలు, ఎందుకంటే బలమైన అమీన్‌లు ఆమ్లం దగ్గర హైడ్రోజన్‌ని లాక్కోకుండా వదలవు. ఎనభై దగ్గర బలమైనవి అయిపోయాయి. బలం లేని అమీన్‌లతో మొదలుపెట్టారు. వాటికి లాక్కునే శక్తి లేదు. ఆ సంగతి ఆమ్లం చేతుల్ని కొలిస్తే తెలిసిపోతుంది: దానికి రెండు ఆక్సిజన్‌లు, రెండు చేతుల్లా. హైడ్రోజన్‌ని ఇచ్చేస్తే రెండు చేతులూ సమానం. ఉంచుకుంటే ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. చేతులు అసమానంగా వచ్చినప్పుడల్లా కువాంగ్ చెప్పులు ఈడ్చుకుంటూ ఎక్స్‌రే గదికి వచ్చేవాడు. మామూలుగా ఆయన సుమేని "తావో" అంటాడు. ఆ రోజుల్లో మాత్రం "అక్కా" అంటాడు.

"అక్కా, ఆ రెండు చేతుల్నీ కాస్త సమానం చెయ్యరాదూ."

కంప్యూటర్‌కి ఒక్క లైను చాలు: ఈ రెండు పొడవులూ సమానంగా ఉండాలి. ఆ లైను పేపరుతో పాటు వెళ్లదు, ఎవరికీ కనబడదు. సుమే ఆ లైను పదకొండు సార్లు కొట్టింది. కొట్టిన ప్రతిసారీ ఆయన మొహం చూసి లోలోపల నవ్వుకునేది. నీ పేపరు, నీ పేరు, నీ సిగ్గు, నాదేం పోయింది అనుకునేది. ఆ అబద్ధంలో తనకి వాటా ఉందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

*

నూరో సీసా పాన్ లింగ్యూ అనే పిల్లది. కొండల్లో ఎక్కడో టీ తోటల జిల్లా నుంచి వచ్చింది. వాళ్ల జిల్లా రెండో నంబరు స్కూల్లో కెమిస్ట్రీ టీచరు ఉద్యోగం ఖాయమైంది, జూన్ ముప్పై లోపు పట్టా చూపించాలి. చూపించకపోతే జాబితాలో తరవాతి పేరు సిద్ధంగా ఉంది. మిగతా పిల్లల్లాగే ఈమె కూడా సీసా సుమే బల్ల మీద పెట్టి వెళ్లిపోతుందనుకుంటే వెళ్లలేదు. కొలతలు పూర్తయ్యేదాకా రెండు రోజులు స్టూలు మీద కూచుంది. మధ్యాహ్నం అందరూ బల్లల మీద తలలు పెట్టి నిద్రపోయే వేళ కూడా కదల్లేదు.

"ఏం చూస్తున్నావమ్మాయ్? సినిమా కాదిది."

"ఊరికేనే టీచర్."

"ఊరికే చూడాలంటే మీ బాస్‌ని చూడు. టిక్కెట్టు కూడా అక్కర్లేదు."

పిల్ల నవ్వలేదు. భయపడే రకం అనుకుంది సుమే. పిరికివాళ్లంటే ఆమెకి మహా చిరాకు. అయితే ఆ స్ఫటికాన్ని చూసి మాత్రం ఏమీ అనలేకపోయింది. మైక్రోస్కోపు కింద తిప్పుతుంటే ఒక్కసారిగా వెలిగి ఒక్కసారిగా ఆరిపోతోంది, ఎక్కడా మరక లేదు, పగులు లేదు. ఇలాంటిది ఆమె చేతికి వచ్చి ఆరేడేళ్లయింది.

మూడో రోజు పొద్దున లింగ్యూ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. మట్టికుండ సూపు తెచ్చి సుమే ముందు పెట్టింది, గుడ్డూ పంది మాంసమూ వేసినది. సుమే సూపు వైపు కాకుండా కాగితం వైపు చూసింది.

"టీచర్, ఈ చేతులు సమానంగా లేవు. నేను తప్పుగా చదివానా?"

"నువ్వే చదివావా? ఎవరైనా చెప్పారా?"

"నేనే. ఇంకొకటి కూడా చూశాను. హైడ్రోజన్లు పెట్టకుండా మిగిలినవన్నీ పెట్టి చూస్తే, ఇక్కడ, ఆక్సిజన్ పక్కన చిన్న గుట్టలా వస్తోంది. నైట్రోజన్ మూడో వైపు ఏమీ లేదు."

సుమే కళ్లద్దాలు పెట్టుకుంది. తెర మీద పటం తిప్పి చూసింది. గుట్ట ఉంది, చిన్నది, గుండ్రంగా, ఎక్కడుండాలో అక్కడే. ఇరవై నాలుగేళ్లలో ఆ గదికి వచ్చిన విద్యార్థుల్లో ఎవరూ హైడ్రోజన్‌ని చూపించమని అడగలేదు, చూసిన మాట సరేసరి. సుమేకి ఒక్కసారిగా ఆ పిల్లని కూచోబెట్టి తనకి తెలిసిందంతా చెప్పెయ్యాలనిపించింది. చెప్పింది కూడా. సూపు చల్లారిపోయింది, భోజనం గంట కూడా దాటిపోయింది. మంచి స్ఫటికాన్ని ఎలా గుర్తుపట్టాలో, గుట్ట నిజమైనదో దుమ్మో ఎలా తెలుసుకోవాలో చెప్పింది. ఆ ఉత్సాహంలోనే పదకొండు లైన్ల సంగతీ చెప్పేసింది, ఏ లవణాలకి ఎప్పుడు కొట్టిందో నంబర్లతో సహా, నవ్వుతూ.

"మరి తప్పు కదా టీచర్?"

"వాళ్ల తప్పు. మీ బాస్‌కి చెవిలో పువ్వు పెట్టినా గులాబీయా మల్లెనా అని అడుగుతాడు గానీ తియ్యడు."

"అయితే నేను ఉన్నదున్నట్టు రాస్తాను. లవణం కాదు, రెండు పదార్థాల స్ఫటికం అని. అది కూడా వేసుకుంటారు కదా?"

"ఎందుకు వేసుకోరు? ఇంకా సంతోషంగా వేసుకుంటారు," అంది సుమే. అని ఆ పిల్లని జాలిగా చూసింది. "కానీ బ్యానర్ మీద లవణం అని ఉంది."

*

కువాంగ్ ఆ సాయంత్రమే వచ్చాడు. వెనకాల టీ గ్లాసుతో కైమిన్, వాడి వెనకాల తల వంచుకుని లింగ్యూ.

"అక్కా, మన పిల్ల ఏదో కంగారు పడుతోంది."

"కంగారేం లేదు. హైడ్రోజన్ ఆమ్లం దగ్గరే ఉంది. మీది నూరో లవణం కాదు."

"ఉంటే ఉంటుంది, పోతే పోతుంది, అది ఎవరికి కనబడుతుంది? ఒక హైడ్రోజన్. అదేమన్నా ఏనుగా?" కువాంగ్ నవ్వాడు. కైమిన్ ఇంకా గట్టిగా నవ్వాడు. "ఆ లైను ఒకటి కొట్టెయ్, అయిపోతుంది."

"రెండు పదార్థాల స్ఫటికం అని పేరు పెడితే ఏమవుతుంది? అబద్ధం అక్కర్లేదు, పేపరు ఆగదు, పిల్లకి పట్టా వస్తుంది."

"నా ప్రాజెక్టు పేరు అమీన్ లవణాలు. బ్యానర్ మీద లవణం. ఇది లవణం కాదని నేనే రాస్తే, ఇదే ఆమ్లంతో చేసిన మిగతావి ఏమిటని ఎవడో ఒకడు అడగడా?" కువాంగ్ గొంతు తగ్గింది. "ఏవి అడుగుతాడో నీకు నాకంటే బాగా తెలుసు."

మొదటిసారి మనిషి నిజం మాట్లాడాడు అనుకుంది సుమే. అబద్ధం ఆడాల్సిన అవసరం కూడా లేని చోట, కేవలం పాత అబద్ధాలకి తోడుగా ఇంకొకటి కావాలి ఈయనకి. ఇంత పెద్ద ఉద్యోగం, ఇంత చిన్న బుర్ర.

"కొట్టను," అంది.

ఎందుకు కొట్టనందో ఆమెకే వెంటనే తెలియలేదు. పదకొండు సార్లు కొట్టిన చెయ్యే. ఆ పదకొండూ చెత్త స్ఫటికాలు, పగుళ్లవీ మరకలవీ, వాటిలో హైడ్రోజన్ ఎటుందో ఆమె కూడా ఒట్టేసి చెప్పలేదు. ఇది అలా కాదు. ఇంత శుభ్రంగా కనబడుతున్నదాన్ని పట్టుకుని పక్కకి జరపడం, ఇరవై నాలుగేళ్ల పనితనం మీద ఉమ్మేసుకోవడమే.

"కొట్టవా?"

"కొట్టను. కైమిన్‌గారు డాక్టరేటు కదా, ఆయన్ని కొట్టమనండి."

మర్నాడు మెట్ల దగ్గర సుమేని లింగ్యూ పట్టుకుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"టీచర్, పెట్టెయ్యండి. నైట్రోజన్ మీదే పెట్టెయ్యండి. బాస్ సంతకం లేకుండా పేపరు వెళ్లదు. జూన్ దాటితే ఆ ఉద్యోగం ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు."

"నిన్న గుట్ట చూసింది నువ్వే కదా? ఆ కళ్లు ఇవేనా?"

"నేనేం చెయ్యను చెప్పండి? మీకైతే ఉద్యోగం ఉంది."

"మూడు రోజులు కూడా నిలబడలేదు నీ నిజం," అంది సుమే. "సూపు కుండ తీసుకెళ్లు. చీమలు పడుతున్నాయి."

*

లైను కొట్టే పని కైమిన్ మీద పడింది. వాడికి లైను ఎలా కొట్టాలో తెలియదు, సుమేని అడగడానికి మొహం చెల్లలేదు. మీట నొక్కాడు. నైట్రోజన్ మీద మూడు హైడ్రోజన్లు వచ్చి కూర్చున్నాయి. లింగ్యూ ఆక్సిజన్ దగ్గర పెట్టిన హైడ్రోజన్‌ని తియ్యాలని మాత్రం వాడికి తట్టలేదు. అలా నూరో లవణం ఒక హైడ్రోజన్ ఎక్కువగా పుట్టి, కువాంగ్ సంతకంతో విదేశీ పత్రికకి వెళ్లిపోయింది.

మే ఎనిమిదిన బ్యానర్ కట్టారు. పరిశీలన బృందం దాని కింద నిలబడి ఫోటో దిగింది. హోటల్లో పది బల్లలు, తెల్ల సారా, నది చేప. ప్రొఫెసరు బల్ల బల్లకీ వెళ్లి గ్లాసు ఎత్తాడు. సుమేని పిలిచారు, వెళ్లింది, తింది. చేప బాగుందని పక్కావిడతో చెప్పింది. కైమిన్ పంపిన ఫైలు తన కంప్యూటర్లోనే చూసింది కాబట్టి, పొగడ్తలు విన్నప్పుడల్లా ఆమెకి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఇంతమంది పెద్దవాళ్లు ఒక పొరపాటుకి చప్పట్లు కొడుతున్నారు, వీళ్లలో ఒక్కడికి కూడా ఒకటి నుంచి మూడు దాకా లెక్కపెట్టడం రాదు.

మే ఇరవయ్యో తారీఖున పత్రిక సంపాదకుడి ఉత్తరం వచ్చింది. మర్యాదగా ఉంది, చదివినవాళ్ల ఒళ్లు మండేంత మర్యాదగా. "ఈ నిర్మాణంలో ఒకే హైడ్రోజన్ రెండు చోట్ల ఉన్నట్టు కనబడుతున్నది. వీటిలో దేనిని రచయితలు నమ్ముతున్నారో దయచేసి తెలుపగలరు." కింద ఇంకో పేరా: ఇదే ఆమ్లంతో ఇదే విభాగం నుంచి వచ్చిన పదకొండు నిర్మాణాలను కూడా పరిశీలించామనీ, వాటిలో ఆమ్లపు చేతులు నమ్మశక్యం కానంత సమానంగా ఉన్నాయనీ, కారణం తెలపాలనీ, ఉత్తరం ప్రతిని యూనివర్సిటీకి కూడా పంపుతున్నామనీ.

కువాంగ్ రెండు రోజులు ఎవరికీ కనబడలేదు. మూడో రోజు కనబడ్డాడు, నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు. అప్పుడే సుమేకి అనుమానం వచ్చి ఉండాల్సింది.

*

కమిటీ జూన్ మొదటి వారంలో కూర్చుంది. డీన్ లియావ్, ఇంకో నలుగురు, మధ్యలో పుచ్చకాయ ముక్కల పళ్లెం. డీన్ అంటే గాలి ఎటు వీస్తే అటు గొడుగు తిప్పే మనిషి. కువాంగ్ ఎంతో బాధగా మాట్లాడాడు. ప్రొఫెసరు ఆలోచనలు చేస్తాడు, కొలతలు ఆపరేటరు చేతిలో ఉంటాయి, తను మనుషుల్ని నమ్మాడు, నమ్మడమే తన తప్పు అన్నాడు. కైమిన్ పక్కన కూచుని అవునవునని తలూపాడు. నూరోది మాత్రం కంగారులో దొర్లిన చిన్న పొరపాటని, దాన్ని ఉపసంహరించుకున్నామని ప్రొఫెసరే చెప్పాడు.

సుమే గోడ పక్క కుర్చీలో చేతులు కట్టుకుని వింది. ఆమెకి భయం లేదు. నిజం చెప్పే మనిషి ఒకరు ఆ గదిలో ఉన్నారని నమ్మకం. ఎదురుగా లింగ్యూ కూచుంది. ఈ పిల్ల పిరికిదే గానీ గుట్టని తన కళ్లతో చూసింది. లైను ఎవరు కొట్టమన్నారో, ఎందుకు కొట్టమన్నారో అంతా దీనికి తెలుసు. ఆ సాయంత్రం ఆ మాటలన్నీ దీని ముందే జరిగాయి.

డీన్ కళ్లజోడు సవరించుకున్నాడు. "అమ్మాయ్, ఆ పదకొండింటిలో చేతుల్ని సమానం చేసిన లైను కంప్యూటర్లో ఎవరు కొట్టారో నీకు తెలుసా?"

"తెలుసండీ."

"ఎవరు?"

లింగ్యూ నించుంది. చేతిలో కాగితం లేదు, అయినా ఏదో చదువుతున్నట్టే చెప్పింది.

"తావో టీచర్. ఆవిడే నాకు స్వయంగా చెప్పారు. నంబర్లతో సహా."

అని ఆగింది. సుమే రెండో సగం కోసం చూసింది. ఎవరు కొట్టమన్నారు అన్నది. లింగ్యూ కుర్చీ సరిచేసుకుని కూచుంది, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. రెండో సగం రాలేదు.

"నిజమేనా తావోగారూ?" అన్నాడు డీన్.

నిజమే. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఇరవై నాలుగేళ్లుగా అబద్ధాలాడేవాళ్లని చూసి మూతి తిప్పుకున్న మనిషికి, ఇప్పుడు తిప్పుకోవడానికి ఎదురుగా అబద్ధమే లేదు. తను కూడా ఇన్నాళ్లూ ఇదే కథ చెప్పుకుంది, రెండో సగం మాత్రమే: ఎవరు కొట్టమన్నారు అన్నది. ఎవరు కొట్టారు అన్నది తనూ ఎప్పుడూ చెప్పుకోలేదు.

"నిజమే," అంది. "పదకొండు. పన్నెండోది నాది కాదు, అంత చెత్తగా నేను చెయ్యను." ఎవరో గొంతు సవరించుకున్నారు. "ఎవరు చెయ్యమన్నారో అడగరా?"

డీన్ పుచ్చకాయ ముక్క తీసుకున్నాడు. "అది ఈ కమిటీ పరిధిలో లేదండీ."

*

పదకొండు పేపర్లనీ వెనక్కి తీసుకున్నారు. "తగినంత చదువు లేని సిబ్బంది నిర్లక్ష్యం" అని నోటీసు అంటించారు. సుమేని కింది అంతస్తులో మందుల గిడ్డంగికి మార్చారు, ఆమ్లాల సీసాల మీద చీటీలు అంటించే పని. యంత్రం కైమిన్‌కి అప్పగించారు. వాడు మొదటి వారంలోనే అందులో ఏదో విరక్కొట్టాడు. కువాంగ్‌కి నమ్మి మోసపోయిన మనిషన్న పేరు వచ్చింది. ఆ పేరుతో జాలి కూడా వచ్చింది, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫోన్లు చేసి మరీ ఓదార్చారు.

జూన్ ఇరవై రెండున లింగ్యూ గిడ్డంగికి వచ్చింది. బయట వాన. తలుపు దగ్గరే నిలబడి, గొడుగు మడిచి, చేతిలో ఉన్న ప్లాస్టిక్ సంచిలోంచి ఒక కాగితం తీసింది. నూరోదాన్ని ఉన్నదున్నట్టు రాసి పంపుకోమని కమిటీ అనుమతించిందట, రెండు పదార్థాల స్ఫటికం అని. పత్రికవాళ్లు ఒప్పుకున్నారు, ఒక్క షరతుతో: కొలతలు సక్రమంగా తీసినవేనని, తీసిన ఆపరేటరు సంతకం పెట్టాలి. కైమిన్ సంతకం చెల్లదు, తీసింది సుమే.

"కువాంగ్ ఒప్పుకున్నాడా దీనికి?"

"తనే కనిపెట్టానని చెబుతున్నారు టీచర్. లవణం కాదని ముందే అనుమానం వచ్చిందట."

సుమే నవ్వింది. గట్టిగా, సీసాలు మోగేలా నవ్వింది. పిల్ల ఏడవడం మొదలుపెట్టింది.

"నన్ను తిట్టండి టీచర్. మీ గురించి నేను అబద్ధం చెప్పలేదు, కానీ..."

"చెప్పలేదు. అదే కదా గొప్ప. నీ బాస్ ఇన్నేళ్లకి కూడా నేర్చుకోలేని పని, నువ్వు ఒక్క రోజులో చేసి చూపించావు." కాగితం అందుకుంది. పెన్ను కోసం బల్ల మీద వెతికింది, చీటీల కట్ట కింద దొరికింది. కాగితం మీద స్ఫటికం నంబరు, తేదీ, కొలతలు, అన్నీ తను తీసినవే, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంత మంచి స్ఫటికం మళ్లీ తన చేతికి రాదు. "ఒక్కటి చెప్పు. ఆ రోజు డీన్ అడగలేదు, నేను అడుగుతున్నాను. ఆ పదకొండూ ఎవరు చెయ్యమన్నారు?"

లింగ్యూ కళ్లు తుడుచుకుంది. నోరు తెరిచే ముందు తల తిప్పి తలుపు వైపు చూసింది, నడవాలో ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరని నిర్ధారించుకుని, గొంతు బాగా తగ్గించి, "బాస్," అంది.

సుమే ఆ చూపంతా చూసింది. సంతకం పెట్టింది. తడవకుండా కాగితాన్ని మళ్లీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చింది.

"వెళ్లు. నువ్వు మంచి టీచరువి అవుతావు."

అది తిట్టేనని పిల్లకి అర్థమైంది. మొహం తెల్లబోయింది. గొడుగు తెరవడం కూడా మర్చిపోయి వానలోకి వెళ్లిపోయింది. సుమేకి ఒక నిమిషం హాయిగా అనిపించింది, ఎప్పుడూ ఎవరినైనా ఒక మాట అన్నాక అనిపించినట్టే. తరవాత ఆమ్లం సీసా ఒకటి దగ్గరికి లాక్కుని చీటీకి జిగురు రాస్తుంటే గుర్తొచ్చింది, తనని కూడా ఇరవై నాలుగేళ్లుగా అందరూ టీచర్ అనే పిలిచారని. చీటీ వంకరగా అంటుకుంది. పీకి మళ్లీ అంటించింది.